టెంపో కొనేముందు ఒక మాట

చిరంజీవి అల్లుడికి,

ఓడ ఉద్యోగం మానేసి వచ్చి, పాపికొండల టూర్లకని టెంపో ట్రావెలర్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఫైనాన్స్ కూడా మాట్లాడావట. హన్మకొండలో పాతికేళ్లు టూర్ బస్సులు నడిపిన నాకు, నిన్ను వద్దనే మొహం లేదు. కానీ నీ లెక్కల్లో బోటు రోజూ తిరుగుతుందని రాసుకున్నావట చూడు, నా టెన్షనంతా దాని గురించే.

2019 సెప్టెంబర్ 15 గుర్తుందా? గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోతుంటే వదిలిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. మన కడిపికొండ నుంచి వెళ్లిన 14 మందిలో ఐదుగురే బతికొచ్చారు. ఆ వెంటనే ఆంధ్ర సర్కారు బోట్లు ఆపేసింది. అది తప్పని నేను ఇప్పటికీ అనను. ఆ వీధిలో ఏడుపులు విన్నవాడెవడూ అనడు.

అప్పటికే దసరా సెలవులకు నా దగ్గర రెండు బస్సుల బుకింగ్ ఉంది. వచ్చిన అడ్వాన్సులో సగం బోటాయనకు, కొంత భద్రాచలంలో లాడ్జికి కట్టేశాను. లాడ్జివాళ్లు ఇంకోసారి సర్దుకుందామన్నారు. బోటాయన ఫోనే ఎత్తలేదు. డబ్బులిచ్చినవాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మీ అత్త గాజులు కుదువపెట్టి అందరికీ తిరిగిచ్చాను. అందుకే చెప్తున్నా, ప్యాసింజర్ అడ్వాన్సు వేరే ఖాతాలో పెట్టు. బోటు కదిలేదాకా డీజిల్‌కైనా దాన్ని ముట్టకు.

ఆ చలికాలంలో బాకీ అడుగుదామని పోచవరం రేవుకు పోయాను. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. ఒకదాని నీడలో మేకలు పడుకున్నాయి. రోజుకు పది లీటర్ల పాలు కాచే టీకొట్టామె, నా ఒక్కడి కోసం అర లీటరు ప్యాకెట్ మూల కత్తిరించి, కాసిని పోసి, మిగతాది రబ్బరు బ్యాండు చుట్టి దాచుకుంది. బోటు నడిపేవాళ్లు కూలికి పోతున్నారని ఆమే చెప్పింది. పేరంటాలపల్లిలో వెదురు పూలు చేసి అమ్మే కొండరెడ్ల దగ్గర కొనేవాడే లేడట. బాకీ సంగతి ఎత్తకుండానే తిరిగొచ్చాను. పోచవరం 2014లోనే ఆంధ్రలోకి పోయింది కదా, ఆర్డర్ అక్కడిది, ఖాళీ అయిన లాడ్జీలు మన భద్రాచలంలోవి. పైన కరోనా కూడా వచ్చిపడి, బోట్లు గాడిన పడేసరికి 2021 చివరైంది.

నీకిది తెలియనిదా? 2016లో అమెరికా నుంచి క్యూబాలోని హవానాకు టూరిస్టు ఓడలు మొదలయ్యాక, రేవు బయట పాత కార్లు తుడుచుకుని డ్రైవర్లు నిలబడేవాళ్లని నువ్వే చెప్పావు. 2019 జూన్‌లో అమెరికా సర్కారు నిన్న చెప్పి ఇవాళ ఆపేసినట్టు ఆ ఓడలు ఆపేసింది. వాళ్ల కోపం క్యూబా సర్కారు మీద, మాడింది ఆ డ్రైవర్ల కడుపు. మరుసటేడు మార్చిలో కరోనాకు టూరిస్టు ఓడలన్నీ ఆపినప్పుడు, కిటికీ లేని క్యాబిన్‌లోంచి ఫోన్ చేసి ఏడ్చింది నువ్వే కదరా.

కాబట్టి పాంప్లెట్ మీద పాపికొండలని పెద్దక్షరాలు కొట్టించకు. భద్రాచలం దర్శనం, పర్ణశాల పైన వేయి, కింద ‘బోటు తిరిగితే పాపికొండలు’ అని రాయి. తిరగకపోతే ఎంత వాపసిస్తావో రసీదు మీదే ఉండాలి. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ అంకె రోజూ చూడు. అసలు జూలై నుంచి సెప్టెంబర్ దాకా బోటు బుకింగే పెట్టుకోకు. ఆ నెలల కిస్తీ రామప్ప, లక్నవరం, స్కూలు పిల్లల టూర్ల మీద రావాలి. బొగత జలపాతం కూడా కలుపుకో, కాకపోతే వాన గట్టిగా పడితే ఫారెస్టువాళ్లు దాన్నీ మూస్తారు. బోటు లేని రోజు బండి వెనక్కి తిప్పకు. కూనవరంలో శబరి గోదావరిలో కలిసే చోటు చూపించి, పోచవరం దాకా తీసుకుపోయి జనానికి టీ తాగించు. అక్కడ నాలుగు రూపాయలు పడాలి. ఆంధ్రలోకి దాటాలి కాబట్టి పర్మిట్ ముందే చూసుకో, చెక్‌పోస్టు దగ్గర ప్యాసింజర్లను కూర్చోబెట్టి బతిమాలుకోవడం నావల్లే కాలేదు.

ఆదివారం ఫైనాన్స్ కాగితాలు పట్టుకుని రా. టీకొట్టామె నంబరిస్తాను. రేవులో బోటు కదిలిందీ లేనిదీ ఏజెంటు కంటే ముందు ఆమే చెప్తుంది.

నీ మామ