పాఠకుల ప్రశ్నలు: ఈస్టర్ ఒక్కరోజుతో అయిపోదు

ప్రశ్న: అక్కా, నేను మా చర్చిలో సండే స్కూల్ టీచర్‌ని, క్వయర్‌లో కూడా పాడతాను. ఏటా ఈస్టర్‌కి ముందు ఆదివారం, అదే మట్టల ఆదివారం వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలు. చర్చి కడగడం, ఆవరణలో పూలమొక్కలు నాటడం, పిల్లల నాటిక, పాటల ప్రాక్టీసు, అలంకరణ, అన్నీ ఆ వారంలోనే. పోయిన ఈస్టర్ ఉదయం పాస్టర్‌గారు వాక్యం చెబుతుంటే నేను వెనక గదిలో పిల్లలకు దేవదూతల రెక్కలు కడుతున్నాను. ఆరోజు ఒక్క నిమిషం కూడా ప్రార్థన చేసుకోలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మానేద్దామంటే చేసేవాళ్లు లేరు. ఏం చేయను?

జవాబు: మానేయొద్దు చెల్లెమ్మా. కానీ అవన్నీ ఆ వారంలోనే ఎందుకు చేయాలో మీ కమిటీలో గట్టిగా అడుగు. ఈస్టర్‌ని ఒక్కరోజు పండుగ అనుకోవడంతోనే ఈ చిక్కంతా వచ్చింది. చర్చి క్యాలెండర్‌లో అది ఒక కాలం, పెంతెకొస్తు దాకా 50 రోజులు. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాలు, అంటే లెంట్, ఆదివారాలు పోను 40, అంటే సంతోషించడానికి ఉన్న రోజులే ఎక్కువ. మనమేమో ఆ 40 రోజులూ ఉపవాస ప్రార్థనలు, సిలువ ధ్యానాలు ఎంతో శ్రద్ధగా జరిపి, ఈస్టర్ మధ్యాహ్నానికల్లా అలంకరణ విప్పేసి ఇళ్లకు వెళ్లిపోతున్నాం.

నాటికను తర్వాతి ఆదివారానికి జరుపు. తోమా ప్రభువును చూసింది ఎనిమిది రోజుల తర్వాతే కదా, యోహాను 20లో ఉంది, ఆ ఘట్టాన్నే పిల్లలతో వేయించు. ఆ మరుసటి వారం ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరి కథ. అప్పుడు పిల్లలకీ హడావుడి ఉండదు, తల్లిదండ్రులూ తీరిగ్గా కూర్చుని చూస్తారు.

మొక్కలు మాత్రం వెనక్కి కాదు, ముందుకు జరపాలి. లెంట్ అనే మాటకు పాత ఇంగ్లీషులో వసంతం అనే అర్థం. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నాడు పిల్లలతో విత్తనాలు వేయిస్తే ఈస్టర్‌కి ఇంకా 46 రోజులుంటాయి, వారం వారం నీళ్లు పోస్తూ మొలకలు చూస్తారు. గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని ప్రభువు చెప్పిన మాట వాళ్లకు అక్కడే, ఆ మట్టి దగ్గరే చెప్పొచ్చు.

కడగడం, తుడవడం మట్టల ఆదివారానికి ముందే ముగించండి. ఆ వారానికి ఆరాధనలు మాత్రమే మిగలాలి: గురువారం ప్రభు రాత్రి భోజనం, శుక్రవారం ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు. శనివారం ఏమీ పెట్టొద్దు. లూకా సువార్తలోని ఆ స్త్రీలను చూడు, సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని కూడా విశ్రాంతి దినమని ఆగిపోయారు, ఆదివారం తెల్లవారుజామునే సమాధికి బయలుదేరారు. నేను కూడా చాలా ఏళ్లు శనివారం అర్ధరాత్రి దాకా పూలు గుచ్చి, ఉదయం ఆరాధనలో కునికిపాట్లు పడ్డదాన్నే. ఆ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది, నీకు అలా కాకూడదు.

ప్రశ్న: ఈస్టర్ తేదీ ఏటా మారుతుంటే కార్యక్రమాలు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: తేదీని బట్టి కాకుండా వారాలు లెక్కపెట్టి ప్లాన్ చేయండి. చర్చి లెక్కలో వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు, మార్చి 21. ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక పడే ఆదివారమే ఈస్టర్, అందుకే మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఆర్థడాక్స్ సంఘాలవాళ్లు ఎక్కువగా పాత జూలియన్ క్యాలెండర్ లెక్క వాడతారు కాబట్టి వాళ్లకు చాలా ఏళ్లలో వేరే ఆదివారం వస్తుంది. ఏటా ఏప్రిల్ మొదటి వారమే అనుకుని మనుషులకు పనులు అప్పగిస్తే ఇబ్బందే. ఈస్టర్ నుంచి వెనక్కి ఏడు వారాలు, ముందుకు ఏడు వారాలు కాగితం మీద రాసుకుని పేర్లు నింపండి.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. చీకట్లో సూర్యోదయ ఆరాధనకు రాలేకపోతున్నానని బాధపడుతోంది. రాకపోతే తప్పా?

జవాబు: తప్పేమీ లేదు. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో 1732లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘపు యువకులు తెల్లవారకముందే శ్మశానానికి వెళ్లి పాటలతో ఆరాధించారు, అక్కడి నుంచే ఈ పద్ధతి సంఘాల్లో వ్యాపించింది. మంచి ఆనవాయితీ, నాకెంతో ఇష్టం, కానీ ఆజ్ఞ కాదు. మగ్దలేనే మరియ ఇంకా చీకటిగా ఉండగానే సమాధి దగ్గరికి వచ్చిందని యోహాను రాస్తే, స్త్రీలు సూర్యుడు ఉదయించాక వచ్చారని మార్కు రాశాడు. అమ్మకు ఆ రెండూ చదివి వినిపించు. తర్వాతి ఆరాధనకు నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు, సూర్యోదయ ఆరాధనలో పాడిన పాటల్లో ఒకటి ఆమె కోసం మళ్లీ పాడమని క్వయర్‌వాళ్లకు ముందే చెప్పి ఉంచు.