ట్యూషన్ సారు రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడు, కేసు అవుతుందా?

ప్రశ్న: మాది గాజువాక. మావారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. పాప ఎనిమిదో తరగతి. లెక్కల కోసం ఒక సంస్థ ద్వారా ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించాం. సారు వేరే రాష్ట్రంలో ఉంటారట. కొన్నాళ్లుగా క్లాసు అయిపోయాక కూడా పాపకు ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్‌లు పెడుతున్నారు. మొదట్లో లెక్కల గురించే. తర్వాత ‘ఆ డ్రెస్సులో బాగున్నావ్’, ‘కెమెరా ఆన్ చెయ్, నిన్ను చూడాలి’, ‘అమ్మకు చెప్పకు’ అని మొదలైంది. మొన్న రాత్రి పదకొండింటికి, ఇక్కడ రాయలేని రకం ఫొటో ఒకటి పంపమన్నారు. పాప పంపలేదు. ఏడుస్తూ వచ్చి నాకు చూపించింది. భయంతో కొన్ని మెసేజ్‌లు డిలీట్ చేశాను. సంస్థకు ఫోన్ చేస్తే ‘ఆయన మా ఉద్యోగి కాదు, వేరే ట్యూటర్‌ని ఇస్తాం’ అన్నారు. ‘ఏమీ జరగలేదు కదా, పరువు పోతుంది, వదిలెయ్యండి’ అంటున్నారు మా అత్తగారు. ఒంటి మీద చెయ్యి పడకుండా కేసు అవుతుందా? పెడితే పాప పేరు బయటికి వస్తుందా? కట్టిన ఫీజు సంగతేంటి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అవుతుందమ్మా. మీ అత్తగారు ఏమీ జరగలేదంటున్నారు గానీ, చట్టం లెక్కలో జరిగింది.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేదు. ఆ చట్టంలో లైంగిక వేధింపు గురించి చెప్పే 11వ సెక్షన్‌కి తాకడంతో పనే లేదు. లైంగిక ఉద్దేశంతో ఒక మాట అనడం, పిల్లల చేత ఒళ్లు కనబడేలా చేయించుకోవడం, ఫోన్‌లోనో ఇంటర్నెట్‌లోనో పదేపదే వెంటపడటం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. శిక్ష మూడేళ్ల వరకు జైలు, జరిమానా. పిల్లలను ఇలాంటి సంబంధాల్లోకి ఆన్‌లైన్‌లో లాగడం ఐటీ చట్టం 67బి కింద విడిగా మరో నేరం. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఫొటో అడిగిన సంగతి ఇంకా బరువైనది. పాప పంపలేదు కాబట్టి నేరం పూర్తి కాలేదని అవతలి లాయరు వాదించవచ్చు. కానీ పోక్సో 18వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం కూడా నేరమే. ఏయే సెక్షన్లు పెట్టాలన్నది మెసేజ్‌లు చూసి పోలీసులు తేలుస్తారు. మీరు అవి బట్టీ పట్టి స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ‘ఆ డ్రెస్సులో బాగున్నావ్’ అన్న ఒక్క మెసేజే ఉంటే, మెచ్చుకున్నాడంతే అని కోర్టులో తప్పించుకునే వీలుంటుంది. లైంగిక ఉద్దేశం ఉందా లేదా అన్నది సాక్ష్యాలను బట్టి తేల్చాల్సిన విషయమని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. మీ కేసుకు బలం ఆ మెసేజ్‌ల వరుసలో ఉంది: లెక్కలు, తర్వాత పొగడ్త, తర్వాత కెమెరా, తర్వాత అమ్మకు చెప్పకు, చివరికి ఫొటో. నన్నడిగితే వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది ‘అమ్మకు చెప్పకు’. లెక్కలు చెప్పే మనిషికి ఆ మాటతో పనేంటని ఏ జడ్జి అయినా అడుగుతారు.

అందుకే ఆ వరుస చెదరకుండా చూడటం ఇవాళ్టి పని. ఇంకేమీ డిలీట్ చేయకండి. ఆయనకు ఫోన్ చేసి తిట్టకండి. చాలామంది మొదట చేసే పని అదే. పదినిమిషాల్లో అవతలి అకౌంట్ మాయమవుతుంది. ఇప్పుడే బ్లాక్ కూడా చేయకండి. పాప ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి, చాలు. మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పైన కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు విడిగా రాసుకోండి. వాటంతటవే మాయమయ్యే మెసేజ్‌లైతే మరో ఫోన్‌తో ఫొటో తీయండి, ఎందుకంటే అలాంటి చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలి వ్యక్తికి తెలిసిపోతుంది. ఫోన్ రీసెట్ చేయవద్దు. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని అసలు ఫోన్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, దానికి మూలం ఆ ఫోనే. పోలీసులు ఫోన్ తీసుకుంటే రసీదు అడగండి.

డిలీట్ చేసిన వాటి గురించి టెన్షన్ పడకండి. నిందితుణ్ని కాపాడాలని మీరు చేయలేదు, భయంతో చేశారు. అదే మాట ఫిర్యాదులో రాయండి. కొన్ని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో తిరిగి దొరకవచ్చు, ఆయన ఫోన్‌లో కూడా ఉండవచ్చు.

మరొకటి. ఆయన పాపకు అసభ్యమైన ఫొటోలేమైనా పంపి ఉంటే, ముఖ్యంగా పిల్లలవి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. అన్నయ్యకు, స్కూలు టీచరుకు, నాకు కూడా వద్దు. అలాంటివి పంచడం దానంతటదే నేరం. ఫిర్యాదు కోసం, కోర్టులో సాక్ష్యం కోసం ఉంచుకోవడానికి పోక్సో 15వ సెక్షన్‌లోనే వెసులుబాటు ఉంది. ఫోన్‌లో అలాగే ఉంచి పోలీసులకు చూపించండి. ఆయన ఫొటో, పేరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని కూడా అనిపిస్తుంది. ఆ కోపం న్యాయమే, కానీ పెట్టకండి. ఆయన జాగ్రత్తపడతాడు. పైగా మీరు పెట్టిన పోస్టు వల్లే ఆ పిల్ల ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఇక వదిలేద్దామన్న మాట. అది మన చేతిలో లేదమ్మా. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఇంట్లో వాదన వచ్చినప్పుడు ఈ పేరా చూపించండి, భారం మీ మీద నుంచి చట్టం మీదికి పోతుంది. ఒకవేళ కేసు నిలబడకపోతే మన మీద తిరగబడతారా అని అడుగుతారు. నిజాయితీగా చెప్పినవారి మీద ఏ చర్యా ఉండదని అదే 19వ సెక్షన్ హామీ ఇస్తుంది. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష పడేది ఎవరినో అవమానించాలనో, డబ్బు గుంజాలనో కావాలని పెట్టినప్పుడే.

ఎక్కడ పెట్టాలంటే, గాజువాక స్టేషన్ చాలు. విశాఖ కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది, అక్కడికైనా వెళ్లవచ్చు. ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు, అక్కడికే పొమ్మని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మెసేజ్‌లు అందింది గాజువాకలో. అంతేకాదు, 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం పరిధి ఎక్కడిదైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. 1930 నంబరు ఎక్కువగా డబ్బు పోయిన కేసులకు. పిల్లల విషయమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మావారు షిఫ్ట్ నుంచి వచ్చాక వెళ్దాం, ఆదివారం వెళ్దాం అని మాత్రం ఆగకండి. ఆ మనిషికి ఇంకెందరు పిల్లలు స్టూడెంట్లో మనకు తెలియదు.

పాప స్టేషన్ మెట్లు ఎక్కాల్సిన అవసరం లేదు. వాంగ్మూలం ఇంట్లోనే, లేదా తనకు ఇష్టమైన చోట తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. మీరు పక్కనే ఉండవచ్చు. కోర్టులో నిందితుడు తనకు కనబడకుండా ఏర్పాటు చేయాలి, సాక్ష్యం చెప్పమని పదేపదే పిలవకూడదు. పేరు, ఫొటో, స్కూలు, వీధి, దేన్నీ మీడియా బయటపెట్టకూడదు. పెడితే పోక్సో 23వ సెక్షన్ కింద నేరం. ఇవన్నీ కాగితం మీద ఉన్నంత చక్కగా ప్రతిచోటా జరుగుతాయని నేను చెప్పను. యూనిఫాంలోనే వచ్చేస్తే, ‘మేడమ్, సివిల్ డ్రెస్‌లో రావాలి కదా’ అని మర్యాదగా అడగండి. అడిగితే మారతారు.

ఇవన్నీ చేసేముందు పాపతో మాట్లాడండి. ఇన్‌స్టాగ్రామ్ ఎందుకు పెట్టావు, మొదటిరోజే ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్నలు ఇప్పుడు వద్దు. ఫొటో పంపకుండా మీ దగ్గరికి వచ్చింది, ఈ మొత్తం వ్యవహారంలో సరైన పని చేసింది తనే. ఫోన్ తీసుకున్నది సాక్ష్యం కోసమని, శిక్షగా కాదని విడమరిచి చెప్పండి.

సంస్థ విషయం. ‘మా ఉద్యోగి కాదు’ అన్న మాటతో వాళ్లు బయటపడలేరు. తమ అదుపులో పనిచేసేవారి నేరం తెలిసీ చెప్పని సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు ఉంది. ఆయన తమ అదుపులో లేడని వాదించినా, ఎవరైనా చెప్పి తీరాలన్న 19వ సెక్షన్ వాళ్లకూ వర్తిస్తుంది. పిల్లలతో నిత్యం పనిచేసే సంస్థలు ఒప్పంద సిబ్బందికి కూడా పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. ఫోన్‌లో కాకుండా ఈమెయిల్ పెట్టండి: ఆ ట్యూటర్ క్లాసుల రికార్డింగులు, చాట్ చెరపవద్దని, పోలీసు వెరిఫికేషన్ కాగితం చూపించమని, ఇతర పిల్లల క్లాసుల నుంచి ఆయన్ని వెంటనే తప్పించమని. ట్యూటర్‌ని మార్చేస్తాం అన్న జవాబుకు అర్థం, ఆయన్ని ఇంకో ఇంటికి పంపుతామనే. అది నాకు మింగుడుపడదు. ఈ ఈమెయిల్ మాత్రం పోలీసు ఫిర్యాదు అయ్యాకే పంపండి.

మళ్లీ ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టిస్తే క్లాసు హాల్లో జరగనివ్వండి, లాగిన్ మీ నంబరుతో ఉండనివ్వండి, సారుతో మాటలన్నీ ఆ యాప్‌లోనే జరగాలని ముందే చెప్పండి. దానికి ఇష్టపడని ట్యూటర్ మనకు వద్దు.

లాయరు ఖర్చు గురించి దిగులు పడకండి. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఫీజు గురించి చివర్న అడిగారు. మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇవ్వమని అదే ఈమెయిల్‌లో రాయండి. యూపీఐ రసీదులు దాచండి. ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లాలోనే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, సంస్థ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. ఫీజు వెనక్కిస్తాం, ఫిర్యాదు వాపసు తీసుకోండి అని అంటే మాత్రం ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. అది కూడా పోలీసులకు ఇద్దాం.