పుణెకు సామాను పంపాలి, ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మా వారికి హైదరాబాద్ నుంచి పుణెకు బదిలీ అయింది. రెండు పడక గదుల ఇంటి సామాను, ఒక స్కూటర్ పంపాలి. ఇంటర్నెట్‌లో ఒక్కచోట నంబరు ఇచ్చినందుకు రెండు రోజుల్లో పదిహేను మంది ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు ఫోన్ చేశారు. ఒకరు 18 వేలంటే మరొకరు 34 వేలంటున్నారు. తక్కువకు ఒప్పుకున్నవాళ్లు లారీకెత్తాక ఎక్కువ అడుగుతారని పక్కింటివారు భయపెడుతున్నారు. ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ పక్కింటివారిది వట్టి భయం కాదు. మీకు ఫోన్ చేసిన పదిహేను మందిలో కొందరికి సొంత లారీ గానీ, గోదాము గానీ ఉండకపోవచ్చు. బేరం కుదుర్చుకుని, పనిని వేరొకరికి అప్పగించి, మధ్యలో కమీషన్ తీసుకునేవారు ఈ వ్యాపారంలో చాలామంది. అందువల్ల ఇంటికి వచ్చి, అటక మీద సామానుతో సహా చూసి, లెక్క రాసుకుని, ఆ తరువాతే ధర చెప్పేవారిని ఇద్దరు ముగ్గురిని పిలిపించండి. చూడకుండా చెప్పిన ధర ఎంత తక్కువైనా దానిని ధరగా పరిగణించవద్దు.

రెండు ధరల మధ్య తేడాకు న్యాయమైన కారణం కూడా ఉండవచ్చు. పుణె సుమారు 560 కిలోమీటర్ల దూరం. మీ ఒక్కరి సామానే వెళ్లే లారీలో మీ గుమ్మం దగ్గర వేసిన తలుపు మళ్లీ పుణెలో మీ గుమ్మం దగ్గరే తెరుచుకుంటుంది. పార్ట్ లోడ్ అయితే సామాను ముందు గోదాముకు చేరి, ఇతరుల సామానుతో కలిసి బయలుదేరుతుంది. ఎత్తడం, దించడం ఎక్కువ, చేరే తేదీ కూడా ఖాయంగా చెప్పలేరు. 18 వేలు ఏ పద్ధతికో, 34 వేలు ఏ పద్ధతికో అడగకుండా రెండింటినీ పోల్చలేరు.

తరువాత వారి జీఎస్టీ నంబరు అడగండి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఆ నంబరు ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో కనిపిస్తుంది. పేరున్న సంస్థ పేరులో ఒక్క అక్షరం మార్చి బోర్డు పెట్టుకునేవారు ఉన్నారు కాబట్టి, అడ్వాన్సు పంపమన్న బ్యాంకు ఖాతా కూడా అదే పేరున ఉందేమో చూసుకోండి. బదిలీ ఖర్చును మీ వారి కార్యాలయం భరిస్తున్నట్లయితే, ఎటువంటి సంస్థ బిల్లును అంగీకరిస్తారో ముందే కనుక్కోవాలి. కొన్ని కార్యాలయాలు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ సిఫారసు జాబితాలోని రవాణా సంస్థల బిల్లులనే ఒప్పుకుంటాయి, ఆ జాబితాలో ఉన్నామని ఊరికే చెప్పుకునేవారికీ కొదవ లేదు.

ఎక్కువమంది మోసపోయేది బీమా దగ్గర. సామాను విలువ మీద ఇంత శాతం అని వసూలు చేస్తారు. పాలసీ కాగితం మాత్రం రాదు. బీమా కంపెనీ ఇచ్చిన పత్రం మీద మీ పేరు, ప్రయాణ వివరాలు ఉంటేనే అది బీమా. అగ్ని, లారీ ప్రమాదం వంటి వాటికే వర్తించి, పగుళ్లకూ విరుగుళ్లకూ వర్తించని పాలసీలు కూడా ఉంటాయి కనుక అది కూడా చదవండి. బిల్టీ (సామాను తీసుకున్నట్లు రవాణాదారు ఇచ్చే రసీదు) మీద సామాను విలువ రాయించడం మరవవద్దు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, ఎక్కువ విలువ ముందుగా ప్రకటించకపోతే రవాణాదారు చెల్లించవలసిన పరిహారానికి పరిమితి ఉంటుంది.

సామాను జాబితా విషయంలో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు వారు ‘వంట సామాను, 4 పెట్టెలు’ అని రాస్తే సంతకం పెట్టాను. నాలుగు పెట్టెలూ వచ్చాయి, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ రాలేదు. అది ఉన్నదని చూపే ముక్క కాగితం నా దగ్గర లేదు. మీరు మాత్రం ‘43 అంగుళాల టీవీ, కుడి మూల చిన్న గీత’ అన్నంత వివరంగా రాయించి, ప్రతి పెట్టెకూ నంబరు వేయించి, ఫోటోలు తీసుకోండి.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. హమాలీ కూలి, మెట్ల మీద మోత, పెద్ద లారీ అపార్ట్‌మెంట్ సందులోకి రాకపోతే చిన్న బండి బాడుగ ఎవరు భరించాలో కొటేషన్‌లోనే రాయించండి. దించేటప్పుడు గొడవలన్నీ వీటి మీదే వస్తాయి. ఏదైనా పగిలితే డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాసిన తరువాతే సంతకం చేయండి. నష్టపరిహారం కోసం దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు రవాణాదారుకు రాతపూర్వక నోటీసు అంది ఉండాలి. వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే పుణె జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళితే చాలు, హైదరాబాద్‌కు తిరగనక్కరలేదు.

స్కూటర్‌లో పెట్రోలు తీయించి, ఆర్సీ, బీమా నకళ్లు మాత్రమే వారికివ్వండి. గ్యాస్ సిలిండర్‌ను లారీలో పెట్టనివ్వకండి. రెగ్యులేటర్‌తో సహా ఇక్కడి ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు, వారిచ్చే టెర్మినేషన్ వోచర్ పుణెలో కొత్త కనెక్షన్‌కు పనికివస్తుంది.