ఆరు నెలలకు జర్మనీ వెళ్తుంటే ఇంట్లో ఇంటర్నెట్ సంగతి: మా రెండు ప్రయాణాల అనుభవం

మీ వారి కంపెనీ పని మీద ఆరు నెలలకు స్టుట్‌గార్ట్ వెళ్తున్నామని రాశారు. వెళ్ళిన వారంలోనే ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకోవచ్చా, ఇక్కడి జియోఫై (సిమ్ వేసి వాడే జియోవాళ్ళ చిన్న వైఫై పెట్టె) తీసుకెళ్తే పనికొస్తుందా, పాప ఆన్‌లైన్ పాఠాలకు ఎంత వేగం కావాలి అని అడిగారు. మేము అదే ఊళ్ళో 2022 సెప్టెంబరు నుంచి ఏడు నెలలు ఉన్నాం. మళ్ళీ 2024 వేసవిలో నాలుగు నెలలు ఉండి వచ్చాం. మొదటిసారి ఇంట్లో లైను రావడానికి ఆరు వారాలు పట్టింది, దాన్ని వదిలించుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. రెండోసారి దిగిన సాయంత్రానికే నెట్ ఉంది. ఆ తేడా ఎక్కడొచ్చిందో వివరంగా చెబుతాను. మీరు ఆ ఆరు వారాలు పడకూడదని నా కోరిక.

వేగం గురించి తర్వాత ఆలోచించండి. ఒప్పందం ఎన్ని నెలలకో ముందు చూడండి. హైదరాబాదులో ఫైబర్ కావాలంటే ఫోను చేస్తే ఒకటి రెండు రోజుల్లో మనిషి వచ్చి తీగ లాగి వెళ్తాడు, వద్దనుకుంటే రీఛార్జి మానేస్తాం. అక్కడ పద్ధతి వేరు. ఇంటి లైను అంటే సంతకం పెట్టిన ఒప్పందం, సాధారణంగా 24 నెలలకు. 2021 డిసెంబరులో అమల్లోకి వచ్చిన టెలికాం చట్టం ప్రకారం మొదటి గడువు 24 నెలలకు మించకూడదు. 12 నెలలకు మించని ఒప్పందం కూడా ఒకటి చూపించాలి. గడువు దాటాక ఎప్పుడైనా నెల రోజుల నోటీసుతో మానుకోవచ్చు. మంచి చట్టమే, కానీ ఆరు నెలలకు వెళ్ళేవాళ్ళకు 12 నెలలైనా ఎక్కువే. కొన్ని సంస్థలు నెలవారీగా రద్దు చేసుకోగల లైన్లు కూడా ఇస్తాయి. నెలకు కొంచెం ఎక్కువ కట్టాలి, మొదట్లో బిగింపు ఖర్చు కూడా ఉంటుంది. మొత్తం లెక్క వేస్తే మీలాంటివారికి అదే చవక.

మేము ఆ లెక్క వేయలేదు. దుకాణంలో కూర్చున్న అబ్బాయి చక్కని ఇంగ్లీషులో, మొదటి ఆరు నెలలు సగం ధరేనని, మీ దేశం వెళ్ళిపోయేటప్పుడు చెబితే రద్దు చేస్తామని అన్నాడు. కాగితం మీద ఆ రెండో మాట లేదు. చట్టం ప్రకారం సంతకానికి ముందే ఒప్పంద సారాంశం చేతికివ్వాలి. అది మాకూ ఇచ్చారు, జర్మన్‌లో ఉందని మేమే చదవలేదు. మీరు మాత్రం ఆ కాగితాన్ని ఫోనులోని అనువాద యాప్‌తో ఫొటో తీసి చదవండి. అందులో ‘మిండెస్ట్‌లౌఫ్‌ట్సైట్’ (Mindestlaufzeit) అనే మాట వెతకండి. కనీస గడువు అని అర్థం. దాని పక్కనున్న అంకె మీరు అక్కడ ఉండే నెలల కంటే పెద్దదైతే సంతకం పెట్టకండి. ఆన్‌లైన్‌లోనో ఫోనులోనో కుదుర్చుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకునే హక్కు ఉంది. దుకాణానికి వెళ్ళి చేసిన సంతకానికి ఆ హక్కు వర్తించదు. ఈ తేడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ఆరు వారాల కథ. ఇది మన తెలుగువాళ్ళందరికీ ఎదురయ్యేదే కాబట్టి కాస్త ఆగి చదవండి. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు నంబరు ఉండదు. వీధి పేరు, భవనం నంబరు, ఆ తర్వాత కాలింగ్ బెల్ పక్కన ఉండే పేరు, అంతే చిరునామా. పోస్టు డబ్బా మీదా అదే పేరు ఉండాలి. కొత్త ఇంట్లో దిగగానే మా వారు బెల్ పక్కన తన పేరు రాసిన చిన్న చీటీ అంటించారు. అందరూ పిలిచే పేరు, ఆఫీసులో వాడే పేరు. ఒప్పందం మాత్రం పాస్‌పోర్టు ప్రకారం ఇంటిపేరు మీద ఉంది. మన ఇంటిపేరు మనమే రోజువారీ వాడం కదా, అది రాయాలని తోచలేదు. రూటరు పాస్‌వర్డు ఉన్న ఉత్తరం వచ్చింది, ఆ పేరుగల మనిషి లేడని వెనక్కి వెళ్ళింది. టెక్నీషియన్ ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండులోపు వస్తాడని సందేశం వచ్చింది. నేను తలుపు దగ్గరే కూర్చున్నాను. బెల్ మోగలేదు. కింద ఇరవై పేర్ల వరస చూసి, తనకు కావలసిన పేరు కనిపించక వెళ్ళిపోయాడు. మళ్ళీ తేదీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. కాబట్టి ఇల్లు చేతికి రాగానే పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరును బెల్ దగ్గరా పోస్టు డబ్బా మీదా పెట్టండి. కొన్ని భవనాల్లో చీటీ అంటించనివ్వరు, యజమానికి చెబితే వాళ్ళే ముద్రించి పెడతారు. భార్యాభర్తల ఇంటిపేర్లు పాస్‌పోర్టుల్లో వేరువేరుగా ఉంటే రెండూ పెట్టండి.

రెండోసారి మేము ఇల్లు వెతికేటప్పుడే అందులో ఇంటర్నెట్ ఉందా అని అడిగాం. సామానుతో సహా అద్దెకిచ్చే ఇళ్ళలో చాలావాటికి ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉంటుంది. అక్కడ వైఫై అనే మాట తక్కువ, ‘వేలాన్’ (WLAN) అంటారు. ప్రకటనలో ఆ మాట ఉందా చూడండి. ఉంటే, అది మన ఇంట్లోనే ఉన్న రూటరా, పై అంతస్తులోని యజమానిదా అని అడగండి. మన గదిలో నిలబడి వేగం కొలిచిన తెర ఫొటో పంపమని అడిగినా ఎవరూ తప్పుగా అనుకోరు. నెలకు ముప్పై, నలభై యూరోలు అద్దె ఎక్కువైనా ఆరు నెలలకు అలాంటి ఇల్లే మేలని నా గట్టి అభిప్రాయం.

అలాంటి ఇల్లు దొరకకపోతే సిమ్ వేసే రూటరు పెట్టుకోండి. ఇక్కడే మీ జియోఫై ప్రశ్న వస్తుంది. తీసుకెళ్ళకండి. అది జియో సిమ్‌తోనే పనిచేస్తుంది. ఏ సంస్థ సిమ్ అయినా వేసుకోగల ఇక్కడి డాంగిల్ తీసుకెళ్ళినా ఇబ్బందే. మన దగ్గర 4జీకి వాడే తరంగాలు అన్నీ అక్కడివి కావు. అక్కడ ఇళ్ళ లోపలికి, దూరాలకు బాగా చేరే 800 మెగాహెర్ట్జ్‌ను బ్యాండ్ 20 అంటారు, మన పాత పరికరాల్లో చాలావాటికి అది లేదు. పైగా జర్మనీలో 3జీని 2021లోనే ఆపేశారు, కాబట్టి 4జీ అందకపోతే వెనక్కి తగ్గడానికి దాదాపు ఏమీ మిగలదు. మీ ఫోన్లకూ ఆ బ్యాండ్ ఉందో లేదో వెళ్ళేముందే మోడల్ నంబరుతో చూసుకోండి. మేము అక్కడే సెకండ్ హ్యాండ్ రూటరు ఒకటి 35 యూరోలకు కొన్నాం, వచ్చేటప్పుడు మరో తెలుగు కుటుంబానికి ఇచ్చేశాం.

సిమ్ కొనడం తేలికే, ఆల్డీ, లిడ్ల్ వంటి సరుకుల దుకాణాల్లోనే అమ్ముతారు. ప్రీపెయిడ్ ప్లాన్లు చాలావరకు 28 రోజులవి. అయితే కొనగానే పనిచేయదు. 2017 జులై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా గుర్తింపు పరిశీలన తప్పనిసరి. వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపించాలి, లేదా పోస్టాఫీసుకు వెళ్ళి చూపించాలి. ఆ వీడియో కాల్‌కు ముందే ఇంటర్నెట్ ఉండాలి! అందుకని బయలుదేరే ముందే ఈసిమ్ (కార్డు లేకుండా నేరుగా ఫోనులోకి దిగే సిమ్) ఒకటి ఫోనులో వేసుకోండి, మొదటి రెండు మూడు రోజులకు చాలు. రెండోసారి మాకు ఆ సాయంత్రం నెట్ వచ్చింది దాని హాట్‌స్పాట్ మీదే. మొదట వేరువేరు నెట్‌వర్కులవి రెండు చిన్న ప్లాన్లు తీసుకుని ఇంట్లో పరీక్షించండి. ఆల్డీ సిమ్ ఓటూ నెట్‌వర్కు మీద, లిడ్ల్ సిమ్ వోడాఫోన్ మీద నడుస్తాయి. స్టుట్‌గార్ట్ గిన్నెలాంటి లోయలో ఉంది, చుట్టూ కొండవాలు వీధులు. ఒక వీధిలో బాగున్న నెట్‌వర్కు పక్క వీధిలో అందకపోవచ్చు. ఏది బాగుందో తేలాక పెద్ద ప్లాన్‌కు మారండి, అది కూడా నెలనెలా ఆపుకోగలిగేదే. కొన్ని సంస్థలు ‘ఇంటి ఇంటర్నెట్’ పేరుతో ఇచ్చే సిమ్ రూటర్లు నమోదు చేసిన చిరునామా దగ్గర మాత్రమే పనిచేస్తాయి. మధ్యలో ఇల్లు మారే ఆలోచన ఉంటే ముందే అడగండి.

రూటరు ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యం. మేము మొదట హాల్లో అలమర మీద పెట్టాం, వేగం నాలుగు ఎంబీపీఎస్ దాటలేదు. వంటింటి కిటికీ గట్టు మీదకు మార్చగానే నలభై వచ్చింది. అక్కడి కొత్త కిటికీ అద్దాలకు వేడి బయటకు పోకుండా పలుచని లోహపు పూత ఉంటుంది. అది సిగ్నల్‌నూ ఆపుతుంది. కిటికీ కాస్త తెరిచి ఫోనులో వేగం కొలిచి చూస్తే మీకే తెలుస్తుంది. ఇంట్లో ప్రతి కిటికీ దగ్గరా రెండు నిమిషాలు నిలబడి కొలవండి.

పాప పాఠాల సంగతి. మా అమ్మాయికి రాజమండ్రిలో ఉన్న టీచరుగారు శనివారం సాయంత్రం అయిదున్నరకు సంగీతం చెప్పేవారు, అక్కడ మధ్యాహ్నం రెండు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అది ఒంటిగంట అయింది, ఆ మార్పును టీచరుగారికి ముందే చెప్పండి. వీడియో కాల్‌కు గంటకు దాదాపు ఒక జీబీ అనుకోండి. అయిదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. నిలకడ అన్న మాట మీదే ఉంది అంతా. యాభై వేగం చూపిస్తూ మధ్యలో తెగిపోయే లైను కంటే అయిదుతో ఆగకుండా నడిచే లైను నయం. సరళీ వరుసలు పాడుతున్నప్పుడు అమ్మాయి చేతి తాళం మా ఇంట్లో తొడ మీద పడేది, టీచరుగారి తాళం తెర మీద కాస్త ఆలస్యంగా పడేది. వేగం పెంచినా ఆ ఎడం పోలేదు. అది దూరం తెచ్చేది, మాట అక్కడికి వెళ్ళి రావడానికి సెకనులో పదో వంతుకు పైనే పడుతుంది. టీచరుగారే ఉపాయం చెప్పారు: కలిసి పాడవద్దు, నేను పాడాక నువ్వు పాడు, తాళం నీ దగ్గరే వెయ్యి అని. లెక్కల పాఠానికి ఈ ఎడం తెలియనే తెలియదు. సాధ్యమైతే పాఠం జరిగే కంప్యూటరును రూటరుకు తీగతో కలపండి, సగం అంతరాయాలు అక్కడే పోతాయి.

నెలవారీ ఇంటి లైను తీసుకోవాలనే నిర్ణయించుకుంటే గోడ చూడండి. మూడు గాడులతో, వాటి దగ్గర ఎన్, ఎఫ్, ఎన్ అన్న అక్షరాలతో ఉండే చిన్న తెల్లని పెట్టె టెలిఫోన్ లైనుది, రూటరు తీగ మధ్యలోని ఎఫ్‌లో పెట్టాలి. టీవీ కేబుల్ సాకెట్టు విడిగా ఉంటుంది. అందులో ఇప్పటికే లైను ఉంటే మనిషి రాకుండానే పని అయిపోయే అవకాశం ఉంది. రెండింటి ఫొటోలూ తీసుకుని దుకాణానికి వెళ్ళండి. రూటరు సంస్థదే వాడాలన్న నిబంధన 2016 ఆగస్టు నుంచి లేదు.

మరో విషయం బతిమాలి చెబుతున్నాను. కొత్త తెలుగు సినిమాలు టొరెంట్‌లో దింపుకోవద్దు. అక్కడ హక్కుదారుల వకీళ్ళు ఆ లైను ఎవరి పేరు మీద ఉందో కోర్టు ద్వారా తెలుసుకుని వందల యూరోలు కట్టమని ఉత్తరం పంపుతారు. మీరు యజమాని వేలాన్ వాడుతుంటే ఆ ఉత్తరం పాపం ఆయనకు వస్తుంది.

ఇక తిరిగి వచ్చేటప్పుడు. కొత్త చిరునామాలో ఆ సంస్థ సేవ అందించలేకపోతే నెల రోజుల నోటీసుతో ఒప్పందం ముగించే హక్కు చట్టంలో ఉంది. మేము దాని కిందే రాశాం. వాళ్ళు ‘ఆబ్‌మెల్డుంగ్’ పత్రం అడిగారు. ఊరు వదిలి వెళ్తున్నామని పురపాలక కార్యాలయం ఇచ్చే కాగితం అది. బయలుదేరడానికి వారం ముందు కంటే ముందుగా ఇవ్వరు. ఆ కాగితం చేతికొచ్చాక నోటీసు మొదలై, మేము హైదరాబాదు వచ్చిన తర్వాత రెండు బిల్లులు పడ్డాయి. ఉత్తర ప్రత్యుత్తరాలు మూడు నెలలు సాగాయి. ఈ హక్కు ఉందన్న ధైర్యంతో 24 నెలల సంతకం పెట్టకండి.

నెలవారీ లైనైతే రద్దు సులువు. 2022 జులై నుంచి సంస్థల వెబ్‌సైట్లలో రద్దు బటన్ తప్పనిసరిగా ఉండాలి, జర్మన్‌లో ‘క్యుండిగెన్’ (kündigen) అన్న మాట చూడండి. నొక్కాక వచ్చే ధ్రువీకరణను దాచుకోండి. సంస్థ రూటరును పార్సిల్ చేశాక పోస్టాఫీసు రసీదు ఫొటో తీయండి, లేదంటే దాని ఖరీదు వేస్తారు. బిల్లు బ్యాంకు ఖాతా నుంచి తనంతట తానే కట్ అవుతుంది కాబట్టి, ఆఖరి బిల్లు వెళ్ళేదాకా ఆ ఖాతా మూయకండి. ఇక్కడి సిమ్‌కు రోమింగ్ బయలుదేరేముందే తెరిపించుకోండి, మన బ్యాంకుల ఓటీపీలు దానికే వస్తాయి. మీ ఇల్లు ఏ పేటలోనో, ప్రకటనలో వేలాన్ ఉందో లేదో రాస్తే మిగతాది చెబుతాను.