పదిహేను జన్యువుల జాబితా చేతిలో ఉంది, పీహెచ్‌డీ చేయనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉచితంగా దొరికే జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటాతో (కణితిలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పే లెక్కలు), పెద్దపేగు క్యాన్సర్ ఎవరికి తిరగబెడుతుందో చెప్పే 15 జన్యువుల జాబితా తయారుచేశాను. ఫలితాలు చాలా బాగున్నాయి. దీనిమీదే పీహెచ్‌డీ చేయనా, కోడింగ్ నేర్చుకుని ఉద్యోగం చూసుకోనా? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఒకటి చెప్పండి, ఆ ఫలితాలు ఏ రోగుల మీద బాగున్నాయి? జన్యువుల్ని ఏరడానికి వాడిన రోగుల మీదేనా? అయితే ప్రశ్నపత్రం మీరే తయారుచేసుకుని మీరే పరీక్ష రాసినట్టు. దాదాపు 20 వేల జన్యువులుండి రోగులు వందో రెండొందలో ఉన్నప్పుడు ఏవో పదిహేను అందంగా కుదిరిపోతాయి. ఇలాంటి జాబితాలు ఈ రంగంలో కుప్పలుగా ఉన్నాయి, ఆస్పత్రి దాకా వెళ్లినవి మాత్రం చాలా తక్కువ.

వెళ్లినవాటిని చూడండి. ఆంకోటైప్ డీఎక్స్ కోలన్ పరీక్షలో 12 జన్యువులు, అందులో 5 కేవలం పోలిక కోసం. కోలోప్రింట్‌లో 18. రెండూ ముఖ్యంగా రెండో దశ రోగుల గురించే, అంటే ఆపరేషన్ అయింది, లింఫ్ గ్రంథులకు పాకలేదు, ఇక కీమో ఇవ్వాలా వద్దా అని డాక్టర్ ఆలోచిస్తున్న చోట. ఆంకోటైప్ స్కోరు తిరగబెట్టే ముప్పు ఎంతో చెప్పగలిగింది కానీ కీమోతో ఎవరికి ఎక్కువ మేలో చెప్పలేకపోయింది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే. పైగా 2022లో వచ్చిన డైనమిక్ అనే క్లినికల్ ట్రయల్‌లో, ఆపరేషన్ తర్వాత రక్తంలో కణితి డీఎన్‌ఏ ఉందో లేదో చూసి నిర్ణయిస్తే కీమో తీసుకున్నవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, రోగం తిరగబెట్టడం చెప్పుకోదగ్గంత పెరగలేదు. మీ జాబితాకి ఇప్పుడు పోటీ అదీ! అందుకే జీవితంలో నాలుగైదేళ్లు ఆ 15 జన్యువులకి రాసివ్వకండి.

ప్రస్తుతానికి చేయాల్సింది ఒక్కటే. జీఈఓలో, అంటే ఇలాంటి జన్యు డేటా ఉచితంగా దొరికే ఆన్‌లైన్ భాండారంలో, జీఎస్ఈ39582 అని ఒక డేటాసెట్ ఉంది, 500 మందికి పైగా రోగులు, రోగం తిరగబెట్టిందా లేదా అన్న వివరంతో సహా. మీరు ఇదివరకే దాన్ని వాడి ఉండకపోతే, జన్యువులూ, ముప్పు ఎక్కువా తక్కువా అని విడగొట్టే కటాఫ్ ఏమీ మార్చకుండా దానిమీద నడపండి. పనిచేస్తే తర్వాతి ప్రశ్న, రోగి దశా, ఎంఎస్ఐ (కణితిలో డీఎన్‌ఏ తప్పులు దిద్దే వ్యవస్థ దెబ్బతిందో లేదో చూసే పరీక్ష) ఫలితమూ తెలిశాక కూడా మీ జాబితా కొత్తగా ఏమైనా చెబుతోందా? డాక్టర్లు అడిగేది ఇదే. పనిచేయకపోతే ఎందుకు చేయలేదో తవ్వండి, బ్యాచ్ తేడాలా (నమూనాల్ని వేర్వేరు చోట్ల, వేర్వేరు సార్లు కొలవడంవల్ల వచ్చేవి), కణితి చుట్టూ ఉన్న మామూలు కణాల ప్రభావమా అని. ఆ తవ్వకం మీకు విసుగనిపిస్తే పీహెచ్‌డీ వద్దు, ఎందుకంటే అందులో సగం పని అదే. రాత్రి పొద్దుపోయినా వదలబుద్ధి కాకపోతే మాత్రం నిశ్చింతగా వెళ్లండి.

కోడింగ్ అంటారా, అది ఎటు వెళ్లినా కావాల్సిందే. స్టాటిస్టిక్స్ లెక్కలకి వాడే ఆర్ భాష, దానితోపాటు కాక్స్ రిగ్రెషన్ (రోగం తిరగబెట్టడానికి ఎంత కాలం పట్టిందో విశ్లేషించే పద్ధతి) గట్టిగా నేర్చుకోండి. మధ్యలో ఫాలోఅప్‌కి రావడం మానేసిన రోగిని లెక్కలో ఎలా పెట్టాలో తడుముకోకుండా చెప్పగలిగితే క్లినికల్ ట్రయల్ డేటా చూసే కంపెనీల్లోనూ పనికొస్తుంది. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేపర్ల సంఖ్య తర్వాత చూడండి, ముందు పాథాలజిస్టుతోనూ స్టాటిస్టిక్స్ మనిషితోనూ కలిసి పనిచేస్తారా అని ఆ ల్యాబ్ విద్యార్థుల్నే అడగండి. అప్లికేషన్‌లో ఈ కొత్త డేటా ఫలితం రాయండి, అది మీకు అనుకూలంగా రాకపోయినా సరే.