ఫిలిప్పీన్స్ నర్సుల కంటే మనవాళ్ల ఆదాయం ఎక్కువంటున్నారు. మా అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. బీఎస్సీ నర్సింగ్ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. పోయిన ఏడాది మా అమ్మకు ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో డయాలసిస్ జరిగినప్పుడు తోడుగా ఉన్నది తనే, అప్పటి నుంచీ ఇదే మాట. అరండల్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళితే బీఫార్మసీ చేయించి అమెరికాలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్‌కు పంపమన్నారు. అమెరికాలో భారతీయుల ఆదాయం అందరికంటే ఎక్కువ, నర్సులుగా వెళ్లే ఫిలిప్పీన్స్ వాళ్లది అంత లేదు అని లెక్కలు చూపించారు. ఇల్లు తాకట్టు పెట్టయినా పంపుతాను. ఏ దారి మంచిదో చెప్పండి. మా బంధువుల్లో నర్సింగ్ చేసినవాళ్లెవరూ లేరు.

జవాబు: మీ ఉత్తరం చదువుతూ చివరి వాక్యం దగ్గర ఆగాను. ఆదాయాల గురించి అడిగిన ఉత్తరంలో బంధువుల మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఇటు గుంటూరులో, అటు విజయవాడలో ఏళ్ల తరబడి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఇదే ప్రశ్న మొదలవుతుంది. దేశం పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, లోపలున్న గుబులు మాత్రం అదే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీకు చూపించిన లెక్క సంగతి చూద్దాం. ఆ లెక్క అబద్ధం కాదు.

అమెరికా జనగణన సంస్థ చేసే సర్వేను బట్టి అక్కడి పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ వేసిన లెక్క ప్రకారం, 2019లో అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 1,19,000 డాలర్లు. ఫిలిప్పీన్స్ మూలాలున్న కుటుంబాలది 90,400. కుటుంబాలన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉండే ఇంటి ఆదాయం ఇది. 2023 నాటికి మనవాళ్ల అంకె లక్షా యాభై వేలు దాటింది. ఇంతవరకు మీకు చెప్పారు. అదే 2019లో పేదరికంలో ఉన్నవాళ్లు మనవాళ్లలో నూటికి ఆరుగురైతే, ఫిలిప్పీన్స్ వాళ్లలో ఏడుగురు. సొంత ఇల్లున్న కుటుంబాల సంఖ్యలోనూ పెద్ద తేడా లేదు. ఈ రెండు సంగతులు మీకు ఎవరూ చెప్పి ఉండరు. పైన నిలబడ్డ ఇళ్ల ఎత్తులో తేడా ఉంది గానీ, కిందపడకుండా నిలదొక్కుకోవడంలో ఆ రెండు సముదాయాలూ ఇంచుమించు పక్కపక్కనే ఉన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టబోయే మనిషి ముందు చూసుకోవాల్సింది ఈ రెండోదాన్నే.

మీరు యార్డులో పనిచేస్తారు కాబట్టి మీకు తెలిసిన మాటలోనే అడుగుతాను. ఈరోజు తేజ రకం ఇంత పలికిందని బోర్డు మీద రాస్తారు. అది పొద్దున అమ్ముడైన సరుకు ధర. అదీ తేమ చూసి, రంగు చూసి, తాలు ఏరేసిన సరుకుది. వచ్చే ఏడాది వేయబోయే పంటకు ఆ ధర వస్తుందని ఏ రైతుకైనా మీరు కాగితం రాసిస్తారా? కుటుంబ ఆదాయాల లెక్క కూడా అలాంటి బోర్డే. అందులో చాలామంది ముందే వెళ్లి, నిలదొక్కుకున్నవాళ్లు. అందులోనూ ఏరిన సరుకు. అమెరికాలోని భారతీయుల్లో పాతికేళ్లు దాటినవారిలో నూటికి 75 మందికి డిగ్రీ గానీ అంతకు మించిన చదువు గానీ ఉంది. 1965లో అక్కడి వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. 1990లో హెచ్1బీ అనే ఉద్యోగ వీసా వచ్చింది, ఆ దశాబ్దం చివర వైటూకే పని, అంటే 2000 సంవత్సరం తేదీల కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసే పని వచ్చింది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన నాటి నుంచి మన ప్రాంతం పిల్లలు ఆ తలుపు తెరుచుకునే వేళకు చదువులతో సిద్ధంగా ఉన్నారు. ఆ ఆదాయం ఆ కాలానిది, ఆ తలుపుది.

ఫిలిప్పీన్స్ వాళ్ల దారి వేరు. 1898 నుంచి 1946 దాకా ఆ దేశం అమెరికా ఏలుబడిలో ఉంది. నర్సింగ్ పాఠాలు అక్కడ అమెరికా పద్ధతిలో, ఇంగ్లీషులోనే చెప్పారు. 1948 తర్వాత శిక్షణ పేరుతో నర్సులు వెళ్లారు, 1965 చట్టంతో స్థిరపడ్డారు. ఇంకో వైపు అమెరికా నౌకాదళం దశాబ్దాల పాటు ఆ దేశపు కుర్రాళ్లను చేర్చుకుంది, తొలినాళ్లలో చాలామందికి ఇచ్చింది వంట పని, వడ్డన పని. ఆ తర్వాత తల్లిదండ్రులు, తోబుట్టువులు వచ్చి చేరారు. ఆ 90,400లో నర్సులూ ఉన్నారు, ముసలివాళ్లను చూసుకునే ఆయాలూ ఉన్నారు, హోటల్ పనివాళ్లూ ఉన్నారు. దాన్ని నర్సుల ఆదాయం అని మీకు చెప్పినవాళ్లు రెండు వేర్వేరు బస్తాలు ఒకే కాటా మీద పెట్టారు. వృత్తికి వృత్తినే పోల్చాలి. అమెరికాలో 2023లో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతం సుమారు 86 వేల డాలర్లు. ఒక్క మనిషి జీతం, ఫిలిప్పీన్స్ మూలాలున్న కుటుంబం మొత్తం ఆదాయానికి అంత దగ్గరగా ఉంది. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ది 1,32,000 పైన, అదీ నిజమే. కానీ మీ అమ్మాయిని పంపమంటున్నది సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా కాదు కదా.

ఇక ఆ దారి గురించి నా సందేహాలు. బీఫార్మసీ మంచి చదువు. మందుల పరిశ్రమలోకి వెళ్లాలనుకునే పిల్లలకు నేనే చెబుతాను. కానీ మన నాలుగేళ్ల బీఫార్మసీతో అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు దారి లేదు. 2003 నుంచి ఐదేళ్ల చదువు ఉంటేనే విదేశీ పట్టాను పరిశీలిస్తున్నారు. అంటే నాలుగేళ్లు చదివిన వృత్తిని విమానం ఎక్కేటప్పుడే వదిలేస్తారు. అక్కడ రెండేళ్ల హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో కొంత డేటాబేస్, కొంత ఆసుపత్రి రికార్డుల నిర్వహణ చెబుతారు. తర్వాత ఉద్యోగం కోసం నిలబడేది ఎవరి పక్కన? నాలుగేళ్లు ప్రోగ్రామింగే చదివిన వాళ్ల పక్కన ఒకవైపు, అమెరికా ఆసుపత్రిలో పదేళ్లు పనిచేసి ఇటు మారిన నర్సుల పక్కన మరోవైపు. అక్కడే పుట్టి పెరిగి అదే పని తెలిసిన మనిషి దొరుకుతుంటే, వీసా ఖర్చులు పెట్టుకుని మీ అమ్మాయిని తీసుకోవడానికి ఆసుపత్రికి కారణం ఏమిటని ఆ కన్సల్టెన్సీ వాళ్లను అడగండి. ఆ కోర్సు అమెరికా ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో కూడా విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఉంటే చదువయ్యాక మూడేళ్లు పనిచేయొచ్చు. లేకపోతే ఒక్క ఏడాదే.

ఆ గడువులో హెచ్1బీ లాటరీ తగలాలి. ఏటా ఇచ్చేవి 85 వేలు, అడిగేవాళ్లు లక్షల్లో. 2025 సెప్టెంబరులో అమెరికా వెలుపల నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్1బీ ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అక్కడే చదివినవాళ్లకు ఇది పడదన్నా, నిబంధనలు ఎంత వేగంగా మారుతున్నాయో చూడండి. మీరు ఈరోజు నిర్ణయం తీసుకుంటే మీ అమ్మాయి ఆ లాటరీ ముందు నిలబడేది ఆరేళ్ల తర్వాత. అప్పటి నిబంధన ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. మీ సంతకం ఉన్న అప్పు కాగితం మాత్రం అప్పటికీ ఉంటుంది. నలభై ఐదు లక్షలు, పదకొండు శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు 62 వేల రూపాయలు కట్టాలి. చదువుకునే రెండేళ్ల వడ్డీ దీని మీద అదనం. కుటుంబ ఆదాయాల లెక్కలో ఈ వాయిదాలు తీసేసి చూపించరు. ఇంటికి పంపే డబ్బూ తీసెయ్యరు. 1,19,000 వచ్చే ఇంట్లో నెలనెలా చేతిలో మిగిలేదెంతో ఆ అంకె చెప్పదు.

ఎంఎస్ మంచిదే కాదని నేననను. గణితంలో పట్టున్న, ప్రోగ్రామింగ్ అంటే ఇష్టమున్న పిల్లలను నేనే ప్రోత్సహించాను, బాగున్నారు. బైపీసీ చదివి, ఆసుపత్రి మంచం పక్కన తన దారి ఇదేనని తేల్చుకున్న పిల్లకు ఆ దారి ఎందుకని నా బాధ.

నర్సింగ్ కూడా పూలపాన్పు కాదు, అదీ దాచను. ఫిలిప్పీన్స్ నర్సులు వెళ్లారు కదా, మనమూ అలాగే అమెరికా వెళ్లొచ్చు అని ఎవరైనా చెబితే నమ్మకండి. గ్రీన్ కార్డుకు దేశానికి ఏడు శాతం పరిమితి ఉంది. 2025 చివర నర్సులు దరఖాస్తు చేసే ఈబీ-3 వరుసలో ఫిలిప్పీన్స్ వాళ్లకు 2023 నాటి దరఖాస్తులు కదులుతుంటే, మనకు ఇంకా 2013 నాటివే నడిచాయి. మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్1బీ సాధారణంగా ఇవ్వరు. కరోనా కాలంలో ఫిలిప్పీన్స్ నర్సులు చెల్లించిన మూల్యం కూడా మరిచిపోకూడదు. అమెరికా నర్సుల్లో వాళ్లు నూటికి నలుగురే, కానీ 2020లో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడో వంతు వాళ్లేనని అక్కడి నర్సుల సంఘం లెక్క తేల్చింది. ఇక్కడ మన ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతాలు చూస్తే నాకు కోపం వస్తుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసే పిల్లలకు పదిహేను వేలు ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లున్నారు.

అయినా మీ అమ్మాయికి నర్సింగే చెబుతాను. ఆ పట్టాతో తలుపులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. జర్మన్ భాష బీ2 స్థాయికి నేర్చుకుంటే జర్మనీ ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ ఉన్నాయి. మీకు పది మైళ్ల చుట్టుపక్కలే మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష రాసి అక్కడ నర్సింగ్ ఆఫీసర్‌గా చేరితే ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనమే 44,900. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె. ఆ పిల్ల ఇల్లు తాకట్టు పెట్టకుండా, లాటరీ కోసం చూడకుండా అక్కడికి చేరుకోగలదు. రెండేళ్లు పెద్ద వార్డులో పనిచేశాక విదేశం వెళ్లాలనిపిస్తే అప్పుడు అడిగేది అనుభవమే, అది తన దగ్గర ఉంటుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి. సొంత ఆసుపత్రి ఉందా, ఎన్ని పడకలు, పిల్లలను నిజంగా వార్డుల్లోకి పంపుతున్నారా, అది చూడండి.

ఇప్పుడు మీ చివరి వాక్యం. కొంచెం కటువుగా మాట్లాడతాను, క్షమించండి. మీ అమ్మగారికి వారానికి రెండుసార్లు సూది గుచ్చి, ఆ యంత్రం పక్కన నాలుగు గంటలు కనిపెట్టుకుని ఉన్నది నర్సే కదా. ఆ రోజు ఆమెను ‘అమ్మా, కాస్త చూడమ్మా’ అని ప్రాధేయపడి ఉంటారు. ఆ చేతులు మీ తల్లికి కావాలి గానీ, మీ కూతురికి ఆ చేతులుంటే సంబంధాలు రావన్న బెంగ మీది. రాత్రి డ్యూటీ అంటే నలుగురూ ఏమనుకుంటారో అని కూడా ఉంటుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పిల్లలు తెల్లవారుజామున మూడింటికి కాబ్‌లో ఇంటికొస్తే అది గొప్ప ఉద్యోగం, ఆసుపత్రిలో ప్రాణాలు కాపాడి ఉదయం ఏడింటికి ఇంటికొస్తే చిన్నతనమా? రెండు దేశాల వలసజీవుల ఆదాయాలు నన్ను పోల్చమన్నారు, నిజానికి మీకు కావాల్సింది బంధువుల ముందు పెట్టడానికి ఒక అంకె. ఆ అంకె కోసం ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఆ బంధువులెవరూ వాయిదా కట్టరు.

మీ భయం నాకు అర్థం కాక ఈ మాటలు అనలేదు. గుమస్తా జీతం మీద ఆడపిల్లను ఇంతదాకా చదివించారు. ఎక్కడ తక్కువ చేశామో అని రేపు మీ మనసు మిమ్మల్నే అడుగుతుందని భయం. మీరేమీ తక్కువ చేయలేదు. తనకేం కావాలో పద్దెనిమిదేళ్లకే తెలిసిన పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలా కొద్దిమంది. ఎక్కువమంది ఏం చదవాలో తెలియక, నాన్న చెప్పింది రాసుకుని వస్తారు. మీ అమ్మాయి నీట్ పోయిందన్న ఏడుపు తగ్గకముందే ఇంకో దారి తనే వెతుక్కుంది. అలాంటి పిల్ల ఏ దేశంలో ఉన్నా, గుంటూరులోనే ఉన్నా, తన కాళ్ల మీద తను నిలబడుతుంది. పెళ్లి సంబంధాల సంగతి కూడా చెబుతాను. నా దగ్గర నర్సింగ్‌కు వెళ్లిన అమ్మాయిల్లో చదువు వల్ల పెళ్లి ఆగినవాళ్లు లేరు. ఉద్యోగం చూసి వచ్చిన సంబంధాలను వద్దన్న అమ్మాయిలు మాత్రం ఉన్నారు.

కన్సల్టెన్సీలో అడ్వాన్సు కట్టి ఉంటే రేపే వెళ్లి రసీదు చూపించి వెనక్కి అడగండి. కట్టకపోతే ఇక అటు వెళ్లొద్దు. హెల్త్ యూనివర్సిటీ విజయవాడలోనే ఉంది, నర్సింగ్ కౌన్సెలింగ్ నోటిఫికేషన్, అనుబంధ కాలేజీల జాబితా అక్కడి వెబ్‌సైట్‌లో పెడతారు. అది మీ అమ్మాయి చేతే చూపించండి. మూడు కాలేజీలు ఎంచుకున్నాక నాకు ఫోన్ చేయండి. ఈసారి మాట్లాడేది మీరు కాదు, ఫోన్ తనకివ్వండి.