ఫ్రెంచ్‌లో కర్తను ఎందుకు వదలకూడదు?

స్పానిష్‌లో ‘ఆబ్లో’ అంటే ‘నేను మాట్లాడతాను’ అని తెలిసిపోతుంది, ఫ్రెంచ్‌లో ‘జ పార్ల్’ అని కర్త పెట్టాల్సిందే, ఎందుకని మీ పేపర్ కోసం అడిగారు కదండీ.

మన ‘వచ్చాను’లో ‘ను’ చేసే పనే స్పానిష్ క్రియ చివరి అక్షరం చేస్తుంది. ఫ్రెంచ్‌లో రాత మారినా నేను, నువ్వు, అతను, వాళ్ళు నాలుగింటికీ పలుకు ‘పార్ల్’ ఒక్కటే. ఆఖరికి వాన పడుతోందనడానికి కూడా అర్థం లేని ‘ఇల్’ ఒకటి తగిలిస్తారు! స్పానిష్‌లో ‘యువేవే’ చాలు.

అయితే క్రియ చివర చేరే ఈ ప్రత్యయాలే మొత్తం కారణమని రాసేయకండి. ఇటలీలోని ఫ్లోరెన్స్ మాండలికంలో ప్రత్యయాలు బాగానే ఉన్నాయి, అయినా ‘తు పార్లి’ (నువ్వు మాట్లాడతావు)లో ‘తు’ వదలరు. బ్రెజిల్ పోర్చుగీసులో కర్త చెప్పడం పెరిగింది, పోర్చుగల్‌లో ఇంకా వదిలేస్తారు. నేనైతే మీ పేపర్ ఇలా ప్రత్యయాలతో తేలని ఉదాహరణల నుంచే మొదలుపెడతాను.